అడుగు బురదలో మనిషి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. రాత్రి బస్సులో ఎవరో ఎక్కి మాయమైపోయారనీ, అద్దె ఇంట్లో గిన్నెలు వాటంతట అవే మోగాయనీ ఎవరైనా మొదలుపెడితే, మధ్యలోనే ఆపి ‘ఇంట్లో ఎలుకలున్నాయేమో చూసుకోండి’ అంటాను. ఇప్పటికీ అంటాను. ఇది చదివి ‘చూశారా, సైన్సు చదివినావిడ కూడా ఒప్పుకుంది’ అని ఎవరూ చంకలు గుద్దుకోనక్కర్లేదు. నేనేమీ ఒప్పుకోలేదు. జరిగింది చెబుతున్నాను, అంతే.

నెల్లూరు తీరంలో ఒక పరిశోధనశాలలో పనిచేస్తాను. బంగాళాఖాతంలో బాగా లోతున, అడుగున ఉన్న బురదలో బతికే సూక్ష్మజీవుల జన్యువులు చదవడం మా పని. అక్కడ వెలుతురు లేదు, ఆక్సిజన్ లేదు. వాటిలో కొన్ని మీథేన్ తింటాయి, కొన్ని ఆక్సిజన్‌కు బదులు గంధకపు లవణాలతో ఊపిరి తీసుకుంటాయి. తిండి ఎంత తక్కువంటే, ఒక కణం రెండుగా చీలడానికే ఏళ్ళకేళ్ళు పట్టొచ్చు. పైనుంచి చచ్చి పడిన ఏ ప్రాణి డీఎన్ఏ అయినా వాటికి భోజనమే. ముక్కలు చేసి, అందులోని భాస్వరమూ నత్రజనీ లాగేసుకుంటాయి. చెత్త మిగల్చకుండా బతకడం వాటికి తెలిసినంతగా మనుషులకు తెలియదు.

మా బంధువులు మాత్రం ‘అంత చదివి బురద పిసుకుతోంది’ అంటారు. నిజానికి ఆ బురదను నేను ఎప్పుడూ ముట్టలేదు. ఓడ ఎక్కలేదు. ఓడ తెచ్చిన గొట్టాల్లోంచి బురద తీసి, డీఎన్ఏ విడదీసేది నా కింద పనిచేసే హరిత. యంత్రం చదివిన అక్షరాల వరసల్లో ఏది ఏ జీవిదో కంప్యూటర్ ముందు కూర్చుని తేల్చేది నేను.

ఒకసారి ఒక గొట్టం బురదలో మనిషి డీఎన్ఏ వచ్చింది. అందులో వింతేమీ లేదు. ఎవరో చేతొడుగు మరిచిపోయి ఉంటారు, తుమ్మి ఉంటారు. హరితను నలుగురిలో కడిగిపారేశాను. ఇంతకంటే టిఫిను బండి దగ్గర శుభ్రం ఎక్కువన్నాను.

“మేడమ్, రిపోర్టు చూశాను, అది మగమనిషిది. నేనెట్టా అవుతాను?” అంది హరిత.

ఇలాంటి పనులు ఎవరు చేశారో పట్టుకోవడానికే అందరి బుగ్గల లోపలి నుంచి నమూనాలు తీసి ఉంచుతాం. ఓడ సిబ్బందివి కూడా. పోల్చి చూశాను. వాళ్ళెవరిదీ కాదు. ఒక్కరితో మాత్రం కొంత కలిసింది. ఆ ఒక్కరూ నేనే.

తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏ అక్షరం తేడా లేకుండా నాదే. మిగతాది దొరికినంతలో నాలుగో వంతు నాతో కలిసింది. పైగా వై క్రోమోజోమ్ ఉంది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. లెక్క ప్రకారం ఆ మనిషి నాకు మేనమామ కావాలి.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు, పోలయ్య మామ. తోటపల్లి గూడూరు వైపు జాలర్ల పాలెంలో ఉండి చేపల వేటకు పోయేవాడు. నేను బడికి పోయే రోజుల్లో గాలికి బోటు తిరగబడింది. మిగతా వాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. మామ రాలేదు. శవమూ దొరకలేదు.

మా ప్రాజెక్టు పెద్ద ప్రసాదరావు గారికి చెప్పాను. “కంటామినేషన్ అమ్మా, బయటిదేదో కలిసింది. ఫిల్టర్ వేసి తీసేయ్” అన్నారు. ఆయనకు అర్థం కాని ప్రతిదానికీ ఆ మాట అతికించి, టీ తాగడానికి పోవడం అలవాటు. మనిషి అక్షరాలన్నిటినీ ఏరి పారేసే ఫిల్టర్ మా దగ్గర ఉంది. నేను వేయలేదు. హరితతో అదే బురదలోంచి మళ్ళీ తీయించాను. మళ్ళీ వచ్చింది. గొట్టంలో పొరలు పొరలుగా ఉన్న బురదలో ఆ ఒక్క పొరలోనే ఉంది; దాని పై పొరలో లేదు, కింది పొరలో లేదు.

ఆ పొర పేరుకుని వేల ఏళ్ళయింది. మామ పోయి అంతకాలం కాలేదు. పోనీ మొన్నే పడిందనుకున్నా, ఆ సూక్ష్మజీవులు ఈపాటికి తినేసి ఉండాలి. ఈ ముక్కలు మాత్రం పొడుగ్గా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. బతికున్న మనిషి బుగ్గ లోంచి తీసినట్టున్నాయి.

అక్కడే నాకొక సమాధానం దొరికింది. మామ చావలేదు. ఇల్లు వదిలి పారిపోయాడు. ఎక్కడో రేవుల్లో పనిచేసుకుంటూ, ఓడలోంచి దించేటప్పుడు ఆ గొట్టాన్ని ముట్టుకున్నాడు. మనుషుల మీద నాకున్న అభిప్రాయానికి ఇది సరిగ్గా సరిపోయింది. అడిగి తేల్చుకుందామని మామ భార్య మస్తానమ్మ అత్త దగ్గరికి వెళ్ళాను.

అత్తకు పిల్లల్లేరు. ఎండుచేపలు అమ్ముతుంది. మామ పోయాక కర్మ చేయనివ్వలేదు. శవం చూపించండి, అప్పుడు చేస్తానంది. బొట్టూ తీయలేదు. పిచ్చిదన్నారు బంధువులు. నేను ఒట్టి మొండిదనుకున్నాను.

మధ్యాహ్నం ఎండలో ఇసుక మీద చేపలు తిరగేస్తోంది. మామకు ఇంకెవరైనా ఆడమనిషి ఉండేదా అని నేరుగా అడిగాను.

“ఏంది మే, ఈ మాట అడిగేదానికా ఇంత దూరం వచ్చినావు?” అని గంప విసిరికొట్టింది. “తుఫానులో కూడా అన్నం టయానికి ఇంటికొచ్చిన మనిషి. ఆయన్నా నువ్వు అనేది?”

నన్ను నేను కాపాడుకోవడానికి జరిగిందంతా చెప్పాను. అత్త చేపలు తిరగేస్తూనే వింది.

“ఎంత లోతున ఉండాది ఆ బురద?”

“చాలా లోతు అత్తా. కిలోమీటర్లు.”

“చలా ఆడ?”

“ఐసు నీళ్ళ మాదిరి ఉంటుంది.”

ఇంకో చేప తిరగేసింది. తరువాత, “చలికి ఓర్చుకోలేడు మీ మామ. తెల్లారి నీళ్ళలో దిగేదానికి ఏడ్చేవాడు” అంది. “ఆ బురద నాకు తెచ్చియ్యి.”

అందులో మామ లేడనీ, ఉన్నవి కొన్ని అక్షరాలేననీ వివరించబోయాను.

“నీ అక్షరాలు నాకొద్దు. తెస్తావా, తేవా?”

పరీక్ష అయ్యాక మిగిలిన బురదను ఆవిరిలో ఉడికించి పారేస్తాం. పారేసేదే కదా అని అందులోంచి చెంచాడు తెచ్చి ఇచ్చాను. ఎందుకు తెచ్చానంటే, ఆమె నోటికి భయపడి అనుకోండి. విడదీసిన డీఎన్ఏ ఉన్న ట్యూబు మాత్రం తాళం వేసిన ఫ్రీజర్లోనే ఉంది.

ఆ మరుసటి పొద్దున సముద్రం ఒడ్డున కర్మ జరిగింది. పంతులు ఒక చెవికి ఫోను ఆనించుకునే మంత్రాలు చదివాడు. అన్నేళ్ళు అత్త గడప తొక్కని బంధువులు బొట్టు చెరపడానికి మాత్రం ముందుకొచ్చి నిలబడ్డారు. అత్త బురదను పిండంలో కలిపి, నడుము లోతు నీళ్ళలోకి పోయి వదిలింది. తిరిగొచ్చి, వాళ్ళ చేతులు తోసేసింది. “కర్మ చేసినాను. ఇంక చాలు, పోండి” అని, బొట్టుతోనే ఇంటికి నడిచింది.

కొన్నాళ్ళకు పరిశోధన వ్యాసం పత్రికకు పంపే ముందు ప్రసాదరావు గారు ఆ డీఎన్ఏను యంత్రంతో మరోసారి చదివించమన్నారు. హరిత ఫ్రీజర్లోని అదే ట్యూబు తీసింది. సూక్ష్మజీవులన్నీ ముందటిలాగే ఉన్నాయి, దాదాపు అవే పాళ్ళలో. మనిషిది ఒక్క ముక్క లేదు. నేనే పక్కన నిలబడి మళ్ళీ చేయించాను. లేదు.

కరిగీ గడ్డకట్టీ పాడైపోయిందన్నారు కొందరు. పాడైతే అన్నీ పాడవ్వాలి. సూక్ష్మజీవులు తినేశాయన్నాడు ఇంకో మహానుభావుడు. విడదీసిన డీఎన్ఏలో బతికున్న జీవి ఉండదు, తినడానికి నోరెక్కడిది? ప్రసాదరావు గారు “చెప్పలేదా, కంటామినేషనే” అని టీకి పోయారు. మా బంధువులు ఆత్మ శాంతించిందన్నారు. రెండు మాటలూ నాకు ఒకటే. రెంటిలోనూ ఆలోచన లేదు.

మొదట చదివిన ఫైళ్ళు నా కంప్యూటర్లో ఉన్నాయి. అప్పుడప్పుడు తెరిచి నా నమూనాతో పోలుస్తాను. నాలుగో వంతు కలుస్తుంది. మేనమామే. అంత లోతుకు ఎలా చేరాడో, అక్కడ చెక్కు చెదరకుండా ఎలా ఉన్నాడో, తాళం వేసిన ఫ్రీజర్లోంచి ఎలా పోయాడో నాకు తెలియదు. తెలిసినట్టు మాట్లాడేవాళ్ళు నా దగ్గరికి రావద్దు.