బెల్జియం జట్టుకు నేను పెట్టిన చావు వంట

బతికున్నోళ్లకు చావు వంట వండిన ఘనురాలిని నేను. ఒక్కరికి గాదు, పదకొండు మందికి. వాళ్లేమో బెల్జియంల, నా పొయ్యేమో పటాన్‌చెరు కాడ ఇంద్రేశంల. నవ్వొస్తుందా? నవ్వుండ్రి. కానీ మొత్తం విన్నంక తప్పెవరిదో మీరే చెప్పాలె.

అప్పుడు నేను ఫ్యాక్టరీ గెస్ట్‌హౌస్‌ల కొత్తగ పెద్ద వంటమనిషినైన. అంతకుముందు ఎనిమిదేండ్లు అక్కడనే గిన్నెలు తోమిన. యాభై దాటినంక మహిళా సంఘంల కూసొని అక్షరాలు నేర్చుకున్న. సామాన్ల చీటీ చదవొస్తుందని నన్ను గిన్నెల కాడికెల్లి పొయ్యి కాడికి తెచ్చిండ్రు. సూపర్‌వైజర్ రాజేందర్‌కు అది కడుపుమంట. ఆ పని బామ్మర్దికి ఇప్పిద్దామనుకున్నడాయె. "అంజమ్మా, ఒక్క ముక్క తప్పు చదివినవో, మళ్ల గిన్నెల కాడికే" అని రోజూ పొద్దుగాల దండం పెట్టినంత శ్రద్ధగ చెప్పేటోడు.

అక్కడ లూకాస్ సార్ ఉండేటోడు. జిన్నారం ఫ్యాక్టరీల మిషన్లు బిగించనీకి బెల్జియం నుంచి వచ్చిన ఇంజనీరు. మనిషి తాటిచెట్టంత, ఆకలి కోడిపిల్లంత. పానమంతా వాళ్ల ఊరి ఫుట్‌బాల్ జట్టు మీదనే. ఆ జట్టుకు రెండు పోటీలు. శని, ఆదివారాలు వాళ్ల దేశంల లీగు. నడుమల గురువారాలు యూరప్ కప్పు, వేరే దేశాల జట్లతోని. సార్ సంతోషం అందరికి పంచాలని, ఆఫీసు స్వప్న భోజనాల గదిల బోర్డు మీద తెలుగుల రాసేది: "మనది 2, వాళ్లది 1. గెలుపు." గెలుపైతే నేను పరమాన్నం వండాలె. ఓటమైతే మామూలు అన్నం.

ఆ ఏడు లీగుల మనోళ్లు ఎట్ల ఆడిండ్రంటే, నెల రోజులు బెల్లం డబ్బా మూత తియ్యలే. యూరప్‌ల మాత్రం పులులు. ఇంట్ల నోరు లేవని మొగోడు దోస్తుల ముందట మీసం తిప్పినట్టు! ఒక గురువారం మూడు సున్నతోని గెలిచిండ్రు. వాచ్‌మన్‌దాకా అందరికి పరమాన్నం పోసిన. చూస్తే వచ్చే గురువారం మళ్ల అదే జట్టుతోని ఆట.

"ఓడగొట్టినోళ్లతోనే మళ్ల ఎందుకే?" అని స్వప్నను అడిగిన.

"గట్లనే ఉంటదక్కా. ఈసారితోని తేలిపోతది. ముందుకు పోకుంటే ఇగ యూరప్ కప్పు ఖతం."

ఖతం! ఆ మాట చెవుల పడ్డది. రాజేందర్ గూడ చెప్పిండు: "ముందుకు పోతే శుక్రవారం సార్ దావత్. పన్నెండు మంది పెద్దసార్లకు బిర్యానీ. పొద్దుగాల బోర్డు చూసి నువ్వే మొదలువెట్టు. ఒంటిగంటకు నేనే తోలుకొస్త."

శుక్రవారం పొద్దుగాల స్వప్న ఫ్యాక్టరీకి పోతపోత బోర్డు రాసి పోయింది. వేలు పెట్టి మూడుసార్లు చదివిన. "మనది 0, వాళ్లది 2. ఓటమి." అంటే ఖతమే! అప్పుడే లూకాస్ సార్ బయటికొచ్చిండు. కండ్లు మిరపపండ్లు. గొంతు పెగలడం లేదు. చాయ తాగి, నా భుజం తట్టి, మళ్ల తలుపేసుకున్నడు.

మీరే చెప్పుండ్రి, ఏమనుకోవాలె? రాత్రంతా ఆట చూసుకుంట కేకలేసి గొంతు పోగొట్టుకున్నడని నాకేం ఎరుక? ఏడ్చి ఏడ్చి పోయిందనుకున్న.

మా దిక్కు మనిషి పోతే ఆ ఇంట్ల పొయ్యి ముట్టియ్యరు. ఇరుగుపొరుగోళ్లే తాలింపు లేని పప్పు, అన్నం వండి తెస్తరు. పరదేశంల ఈ పిలగానికి ఇరుగెవరు, పొరుగెవరు? నేనే! చికెన్ ఫ్రిజ్‌ల పెట్టి పప్పు ఉడకేసిన. ఊడ్చే బాలమణిని, వాచ్‌మన్ భార్యను పిలిచిన. సార్ తానం చేసి వచ్చేసరికి ముగ్గురం చుట్టూ కూసున్నం. ఆయన చెయ్యి పట్టుకొని, "ఊకో కొడుకా, పోయినోళ్లు పోయిండ్రు, ఇంత తిను" అన్న. బాలమణి అయితే కొంగు నోట్ల కుక్కుకొని నిజంగనే ఏడ్చింది. సార్ పాపం బిత్తరపోయి ముగ్గురికీ దండం పెట్టిండు.

సరిగ్గ అప్పుడే పెద్దసార్లు లోపలికొచ్చిండ్రు. వెనక రాజేందర్, స్వప్న. రాజేందర్ గిన్నె మూత తీసిండు.

"బిర్యానీ ఏది?"

"చావింట్ల బిర్యానేంది? సిగ్గుండాలె."

"ఎవరు సచ్చిండ్రే?"

"జట్టు!"

"చదువు రాదని నేను ముందే చెప్పలే? సార్ల ముందట ఇజ్జత్ తీస్తివి. నడువు గిన్నెల కాడికి!"

గిన్నెలకు నేను భయపడ. కానీ చదువు రాదంటే ఊకుంటనా? ఆయనను బోర్డు ముందట నిలబెట్టిన.

"నువ్వు పెద్ద చదువు చదివినవ్ గద. చదువు."

"మనది సున్న. వాళ్లది రెండు. ఓ..." అని ఆగి పెద్దసార్ల దిక్కు చూసిండు.

"ఆగినవేంది? ఓటమి! ఓటమికి బిర్యానీ వండుతవా నువ్వు?"

స్వప్న అడ్డమొచ్చింది. "అక్కా, పోయినసారి మూడు, ఈసారి సున్న. రెండాటలు కలిపి చూస్తరు. మనకు మూడు, వాళ్లకు రెండే. మనమే ముందుకు పోయినం."

"పోయిన వారానిది ఇయ్యాల ఎట్ల కలుపుతరు? పోయిన వారం కూర ఇయ్యాల్టి కూరల కలిపి పెడితే ఈ సార్లు తింటరా?"

స్వప్న అది ఇంగ్లీషుల చెప్పంగనే లూకాస్ సార్ కుర్చీల కూలబడి నవ్విండు. కండ్లు తుడుసుకొని, బొంగురు గొంతుతోని ఏదో అన్నడు. స్వప్న గట్టిగ చెప్పింది: "అంజమ్మ సరిగ్గనే చదివింది, రాత్రి ఆట మేము ఓడినం అంటున్నడు."

అంతే. నేను పొయ్యి కాడనే ఉన్న. బిర్యానీ తేనీకి ఎర్రటెండల మోటర్‌సైకిల్ మీద పటాన్‌చెరు పోయింది రాజేందర్. ఆ బిర్యానీ వచ్చేలోపల పెద్దసార్లు పప్పు గిన్నె అడుగు గీకిండ్రు.

ఆ పొద్దు పొయ్యి మీద చెయ్యి పెట్టి, అది సల్లగైనంకనే లెండి, ఒట్టేసుకున్న. అనుమానం నా చదువు మీద గాదు, ఆ ఆట మీద. ఇగ మీదట బోర్డు మీద ఏం రాసున్నా సరే, శవాన్ని కండ్లార చూడంది చావు వంట వండ. ఫుట్‌బాలోళ్లదైతే, చూసినంక గూడ ఒక వారం ఆగుత.