పన్నెండు పేజీల అర్జీ

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలోని ఓ హైస్కూల్లో పిల్లలకు సంగ్రహం రాయడం నేర్పేవాణ్ణి. మా పల్లెకు బస్సు వేయమంటూ పన్నెండు పేజీల అర్జీ రాసి, ఊరివాళ్లతో నంద్యాల వెళ్లాను. బస్సుల అధికారి పేజీలు తిరగేసి, "సంగ్రహంగా చెప్పండి" అన్నాడు. నేను ఊరి చరిత్రతో మొదలుపెట్టాను. ఆయన గడియారం చూసి లేవబోయాడు.

వెనక నిలబడ్డ మా పక్కింటి పుల్లమ్మ ముందుకొచ్చింది. "సారూ, దినామూ ఆరు మైళ్లు నడవలేక నా కూతురు బడి మానేస్తానంటాంది. బస్సెయ్యండి."

ఆయన కూర్చుని సంతకం పెట్టాడు.

బస్సొచ్చింది. కృతజ్ఞతగా ఆ అధికారికి ఎనిమిది పేజీల ఉత్తరం రాసి, పుల్లమ్మకు చదివి వినిపించాను.

"పంపొద్దు అయ్యోరూ! ఇది సూస్తే బస్సు ఎనక్కి తీసుకుంటారు."

సంగ్రహం నేర్పింది నేను, గ్రహించింది పుల్లమ్మ. ఆ ఉత్తరం ఇప్పటికీ నా పెట్టెలోనే ఉంది.