కాజాలు కుట్టే సీటు

తాతకి బండి నడపడం ఎంత బాగా వచ్చో, ఆ సంగతి పదిమందికీ చెప్పుకోవడం అంతకు రెండింతలు బాగా వచ్చు. ముప్పై ఏళ్లుగా కోళ్ల షెడ్లకీ పశువుల షెడ్లకీ దాణా బస్తాలు చేరవేస్తున్నాడు. ఇప్పుడున్నది మూడో పికప్ ట్రక్కు. సైకిళ్లు కూడా గంట కొట్టి దాటిపోయేంత నిదానంగా నడుపుతాడు కాబట్టి తోటి డ్రైవర్లు ఆయన్ని ‘రాకెట్టు’ అని పిలుస్తారు. అది మెచ్చుకోలు కాదేమోనన్న అనుమానం ఆయనకి ఇప్పటిదాకా రాలేదు.

ఆ ముప్పై ఏళ్లలో ఇరవై రెండేళ్లు పక్క సీటు అమ్మమ్మది. టైలరు కొట్టు నుంచి చొక్కాలు తెచ్చుకుని, చేత్తో కాజాలు కుట్టి ఇవ్వడం ఆమె పని. కూతురు కాపురానికి వెళ్లాక, ఇంట్లో గోడల్ని చూస్తూ కుట్టే బదులు బండిలో కూర్చుని రోడ్డు చూస్తూ కుడతానని ఎక్కింది. ఎక్కిన మనిషి మళ్లీ దిగలేదు. ఏ మలుపు తర్వాత గుంత ఉందో, ఏ బడి ముందు స్పీడు బ్రేకరు ఉందో ఆమె వేళ్లకి కంఠతా వచ్చు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి సూది గాల్లో ఆగేది. ఎప్పుడైనా లెక్క తప్పితే కాజా అంచున చిన్న వంకర పడేది. “ఇదిగో, మీ రైలు గేటు” అని తాత ముక్కు ముందు పెట్టి చూపించేది. పోస్టాఫీసు గుమస్తా నీలం చొక్కాకి మూడో గుండీ దగ్గర రైలు గేటు ఉంది. సైన్సు మాస్టారి పొట్ట మీద వంతెన దిగే చోటు గతుకు ఉంది. పాపం, వాళ్లకి తెలియదు. తాత మాత్రం దారిలో వాళ్లు ఎదురైనప్పుడల్లా ముసిముసిగా నవ్వుకుంటాడు.

పోయిన వానాకాలం అమ్మమ్మ స్నానాల గదిలో కాలు జారింది. నడుము దగ్గర ఎముకకి వెంట్రుకంత పగులు వచ్చిందన్నారు. మూడు నెలలు మంచం మీద ఉండి లేచింది. వంట మొదలుపెట్టింది, ఇల్లు ఊడవడం మొదలుపెట్టింది, తాతని సాధించడం మొదలుపెట్టింది. అంటే పూర్తిగా కోలుకున్నట్టే లెక్క. బండి మాత్రం ఒక్కసారే ఎక్కింది. వెళ్లేటప్పుడు వెనక నలభై బస్తాలు ఉన్నాయి, బాగానే ఉంది. అవి దింపి ఖాళీగా వస్తుంటే ప్రతి గుంతకీ సీటు ఎగిరెగిరి పడింది. ఇంటికొచ్చాక తాత చూస్తే చేతిలోని చొక్కా మీద ఒక్క కాజా కూడా పూర్తి కాలేదు.

మర్నాడు బయల్దేరే వేళకి ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. “మీ వాగుడు వినలేక చెవులు చిల్లులు పడ్డాయి. నేను ఇంట్లోనే కుట్టుకుంటాను, హాయిగా ఉంది” అంది.

తాత సరేనన్నాడు. నమ్మినట్టు మొహం పెట్టడం ఆయనకి చేతకాదు గానీ, ప్రయత్నించాడు. ఆ నెలంతా ఒక్కడే తిరిగాడు. వంతెన దిగుతూ “గుంత వస్తోంది, సూది ఆపు” అని ఖాళీ సీటుకి చెప్పి, తనలో తానే సిగ్గుపడి, ఎవరైనా విన్నారేమోనని అద్దంలో వెనక్కి చూశాడు. ఇలా ఇంకో ఏడాది గడిస్తే, ఆమెకి ఇల్లు అలవాటైపోతుంది. ఖాళీ సీటు తనకి అలవాటైపోతుంది. ఆ రెండోదంటేనే తాతకి ఎక్కువ భయం వేసింది.

మెకానిక్ దగ్గరికి వెళ్లి బండి కుదుపు తగ్గించమన్నాడు. మెకానిక్ బండి కిందికి దూరి, వెనక చక్రాల దగ్గర ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన ఇనుప పట్టీల్ని స్పానరుతో టకటకా కొట్టాడు.

“ఈ కమాన్లు బరువు మొయ్యడానికి పుట్టినవి బాబాయ్. బరువు ఉంటే వంగుతాయి. లేకపోతే కర్రల్లా నిలబడి నీ నడుం విరగ్గొడతాయి.”

“నా నడుం కాదులే” అన్నాడు తాత, నేల చూపులు చూస్తూ.

మెకానిక్ బండి కింద నుంచి బయటికి వచ్చాడు. కంపెనీ కమాన్లు తీసేసి వాటి చోట బిగించే కిట్లు బయట మూడు రకాలు దొరుకుతున్నాయని చెప్పాడు. మొదటిది మందం పట్టీల కిట్టు. బండిని జానెడు ఎత్తు లేపుతుంది, ఎంత బరువైనా లెక్క చెయ్యదు. రెండోది పొడుగాటి పల్చటి పట్టీలు, గ్యాసు నింపిన షాక్ అబ్జార్బర్లు. మెత్తగా పోతుంది గానీ నలభై బస్తాలు మొయ్యలేదు, ముప్పైకి మించి వెయ్యకూడదు. మూడోది పట్టీలు కొన్ని తగ్గించి, మిగతా బరువు రబ్బరు గాలిసంచుల మీద పెట్టేది. బరువు వేసినప్పుడు గాలి కొట్టాలి, దింపాక వదలాలి. దాణా బస్తాలకి మొదటిదే మేలని మెకానిక్ అభిప్రాయం. శనివారంలోగా చెబితే ఆ మరుసటి వారానికి తెప్పిస్తానన్నాడు.

మెకానిక్ అభిప్రాయం విని ఊరుకుంటే ఆయన తాత ఎందుకవుతాడు? ఈ మూడు కిట్లూ ఎవరెవరి బండ్లకి ఉన్నాయో ఆరా తీశాడు. మొదటిది ఇటుకల బండికి ఉంది. రెండోది పూలకుండీలు తోలే ఆయన బండికి, మూడోది నీళ్ల క్యాన్ల బండికి. మధ్యాహ్నం వాళ్లు ఖాళీగా తిరిగొచ్చే వేళ చూసుకుని, దాణా గోదాము నుంచి రైలు గేటు దాకా ఒక్కొక్కరి పక్కన కూర్చుని వెళ్లాలని పథకం వేశాడు.

కూర్చుంటే కుదుపు తెలుస్తుంది. కానీ ఈ కుదుపు ఎక్కువా ఆ కుదుపు ఎక్కువా అని రేపు ఎలా గుర్తుంటుంది? గుర్తుండటానికి తాత ఏ కొలత వాడాలో తెలుసుకోవడానికి పెద్దగా ఆలోచించనక్కర్లేకపోయింది. ఇరవై రెండేళ్లుగా రోడ్డు నాణ్యత ఆయనకి గుడ్డ మీదే కనిపిస్తోంది మరి. అమ్మమ్మ కుట్టు డబ్బాలో దారం ఎక్కించిన సూదులు ఎప్పుడూ అయిదు సిద్ధంగా ఉంటాయి. రోజుకొకటి చొప్పున పిల్లిలా వెళ్లి కాజేశాడు.

ఇటుకల డ్రైవరు, పక్కన కూర్చున్న పెద్దమనిషి జేబులోంచి తెల్లగుడ్డ ముక్కా సూదీ తీసి, నాలుక బయటపెట్టి కుట్టడం మొదలుపెట్టేసరికి బండి ఆపేశాడట. మంచినీళ్లు కావాలా అని అడిగాడట. పూలకుండీల ఆయన గుచ్చి గుచ్చి అడిగాడు, తాత నీళ్లు నమిలాడు. నీళ్ల క్యాన్ల అబ్బాయి మాత్రం ఏమీ అనుకోలేదు. తనకీ ఒక గుండీ ఊడింది, ఎలాగూ కుడుతున్నారు కదా అన్నాడు. తాత కుట్టి ఇచ్చాడు. అది ఆ సాయంత్రమే మళ్లీ ఊడింది.

మూడు రోజులకి మూడు గుడ్డ ముక్కలు పోగయ్యాయి. గోదాము వెనక బండి బానెట్ మీద పరిచి, కళ్లజోడు తుడుచుకుని, పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటిదాని మీద కోడి గీరినట్టుంది. రెండోదాని మీద అదే కోడి తిరిగొచ్చినట్టుంది. మూడోదాని మీద రెండు రక్తపు చుక్కలు అదనం. ఎన్నిసార్లు తిప్పి చూసినా ఏ బండి మెత్తనిదో తేలలేదు. మూడూ పనికిరానివేనేమో అన్న దిగులుతో ఇంటికి వచ్చి, అన్నంలో చెయ్యి పెట్టి దిక్కులు చూశాడు.

అమ్మమ్మ కంచం తీసేసి, చెయ్యి చాపింది.

“తియ్యండి.”

“ఏంటి?”

“మీ చొక్కా జేబులో ఉన్నవి. మూడు రోజుల్లో మూడు సూదులు పోయాయి. ఎలుకలు సూదులు తినవు.”

తాత తప్పు చేసి దొరికిపోయిన బడిపిల్లాడిలా మూడు ముక్కలూ తీసి బల్ల మీద పెట్టాడు. ఏ ముక్క ఏ బండిదో, ఎందుకు కుట్టాడో, కిట్ల సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. చివర్లో, ఇదంతా బండి ఆరోగ్యం కోసమేనని ఒక అబద్ధం కూడా చేర్చాడు.

ఆమె కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ముక్కనీ వేలితో తడిమి చూసింది. తర్వాత లేచి, కొత్త గుడ్డ ముక్కా నాలుగో సూదీ తెచ్చి ఆయన చేతికిచ్చింది. కుర్చీలో కూర్చుని కుట్టమంది. తాత కుట్టాడు. పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ ఇల్లు గానీ కుర్చీ గానీ ఇసుమంతైనా కదలలేదు. ఆ ముక్క తీసుకుని మిగతా మూడింటి పక్కన పెట్టింది. నాలుగూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి.

“ఈ కుర్చీకి కూడా కమాన్లు మార్పిద్దామా?” అంది.

ముప్పై ఏళ్ల అనుభవం, మూడు మధ్యాహ్నాల తిరుగుడు, పొడుచుకున్న వేళ్లు, అన్నీ కలిసి కొలిచింది ఆయన కుట్టుపనిని. బండ్ల ఊసే అందులో లేదు. అమ్మమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నడుం పట్టుకుంది. నడుం పట్టుకున్నాక నవ్వు ఆగింది.

రక్తం చుక్కలున్న ముక్కని మడత పెడుతూ, తనని ఒక్కమాట అడగొచ్చు కదా అంది.

“అడిగితే నా వాగుడు మీద పెడతావు” అన్నాడు తాత.

“నొప్పి అని చెబితే మీరేం చేస్తారో నాకు తెలియదా? బండి అమ్మేసి నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటారు. బండి లేని మిమ్మల్ని నేను చూడగలనా?”

తాత నాలుగో సూది ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా అంచుకే గుచ్చుకున్నాడు. ఆమె దాన్ని జాగ్రత్తగా తీసి డబ్బాలో పెట్టింది. కుట్టడం వచ్చిన మనిషి కుడితేనే బండి సంగతి తెలుస్తుందని, రేపు తనే వస్తానని చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, కుట్టు డబ్బా చంకన పెట్టుకుని గోదాముకి వచ్చింది. ఇటుకల బండి దగ్గరే మొదటి సంగతి బయటపడింది. జానెడు ఎత్తు లేపిన ఆ బండి మెట్టు ఆమె మోకాలికి పైన ఉంది. ఒకసారి కాలు ఎత్తి చూసి దించేసింది. మూడు రోజులు సూదితో కుస్తీ పట్టిన తాతకి, ఆమె ముందు బండి ఎక్కాలి కదా అన్న ముక్క తట్టనే లేదు. సిగ్గుతో తల గోక్కున్నాడు. ఇటుకల డ్రైవరు స్టూలు తెస్తానన్నా ఆమె వద్దంది.

పూలకుండీల బండిలో కుట్టు గీత గీసినట్టు వచ్చింది. తాత మొహం వెలిగిపోయింది. కానీ రైలు గేటు దగ్గర దిగి ఆమె కాసేపు స్తంభం పట్టుకుని నిలబడింది. ఆ బండి ఉయ్యాలలా ఊగుతూనే ఉందట. నీళ్ల క్యాన్ల బండిలో రెండు చోట్ల చిన్న వంకరలు పడ్డాయి. దిగి, నడుము మీద చెయ్యి వేసుకోకుండా నాలుగడుగులు నడిచి, ఇదే చాలని చెప్పింది.

“రెండోదాని మీదే కదా కుట్టు తిన్నగా ఉంది. ముప్పై బస్తాలే వేస్తాను, ఇంకోసారి ఎక్కువ తిరుగుతాను, అంతేగా?” అన్నాడు తాత.

“కుట్టు తిన్నగా ఉంటే సరిపోదు, కుట్టేదానికి కడుపులో తిప్పకూడదు. పైగా ఒక్క వంకర కూడా లేని చొక్కా మీద మీరేం చదువుకుంటారు?”

గాలి కొట్టడం, వదలడం ఆయనకి గుర్తుండదేమోనని మాత్రం ఆమె అనుమానపడింది. పెళ్లిరోజు ఎప్పుడూ గుర్తుండని మనిషి మరి. మెకానిక్ ఎదుట మాట తీసుకుంది. మొత్తం గాలి వదిలితే సంచి నలిగి చిరుగుతుందని, ఎప్పుడూ కాస్త మిగల్చాలని మెకానిక్ చెబితే, తాత మూడుసార్లు వల్లె వేశాడు.

ఆ మరుసటి వారం కిట్టు బిగించారు. మొదటి రోజు కోళ్ల షెడ్డు దగ్గర నలభయ్యో బస్తా దిగగానే, తాత పరుగులాంటి నడకతో వెనక చక్రం దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు. సైకిలు ట్యూబుకి ఉండేలాంటి చిన్న వాల్వు అది. నొక్కితే గాలి బుస్సుమంది. లోపల కూర్చున్న అమ్మమ్మకి ఆ చప్పుడు వినిపించింది. సీటు ఆమె కింద మెల్లగా ఓ వేలెడు దిగింది. అటువైపు చక్రం దగ్గర కూడా బుస్సుమనేదాకా ఆగి, అప్పుడు సూది అందుకుంది.

తిరుగు దారిలో తాత సైకిళ్ల కంటే కూడా నిదానంగా పోయాడు. తోటి డ్రైవర్లలో ఒక కొత్త పెళ్లికొడుకు స్కూటరు మీద హారను మోగిస్తూ దాటి, వెనక్కి తిరిగి ‘రాకెట్టు’ అని అరిచాడు. తాత చెయ్యి ఊపాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి ఖాళీ సీటుకి చెప్పి చెప్పి అలవాటైన మాట నోటి దాకా వచ్చింది. చెప్పాల్సిన పని లేకపోయింది. సూది అప్పటికే గాల్లో ఆగి ఉంది.

బండి గుంతలోకి దిగి, ఓ చిన్న ఊపు ఊగి పైకి లేచింది. తాత మెడ సాచి, ఆమె ఒళ్లోని చొక్కా మీద వంకర పడిందేమోనని చూడబోయాడు.

“రోడ్డు ముందుంది” అంది అమ్మమ్మ, తల ఎత్తకుండానే.