ఆదివారం దాకా దాచుకున్న అడుగు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెళ్ళారా, మొన్న వేసవిలో నౌపడ ఉప్పుమడి గట్టు మీద కాలు జారి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాను, శ్రీకాకుళంలో ఆపరేషన్ అయ్యింది, మంచం మీద వెల్లకిలా పడి ఇక నా బతుకు ఇంతేనని ఏడ్చాను.

నాలో గర్వం కూడా ఉంది, దాచను. ఆదివారం చూడడానికి వస్తామని సంఘంవాళ్ళు వాట్సాప్‌లో పెట్టగానే, "ప్రభువా, అందరి కళ్ళముందు నన్ను లేపు, సాక్ష్యం చెబుతాను, అందాకా కాలు కింద పెట్టను" అని పైకే మొక్కుకున్నాను. ఆపరేషనైన మర్నాడే డాక్టరుగారు నడవమంటే నడవలేదు, పొట్ట మీద వేసే సూదిమందు కూడా వద్దన్నాను, విశ్వాసురాలిని, నాకెందుకన్నాను. నా మొండితనం తెలిసిన మా ఆయన సూదిమందు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూడో రోజు పిక్క వాచింది. బొబ్బిలి నుంచి వచ్చి ఆ వార్డులో పనిచేసే నర్సమ్మ అది చూసి కంగారుపడింది. "ఏటి పెద్దమ్మా, ఇలా మంచానికి అంటుకుపోతే కాల్లో రగతం గడ్డ కడతాది. అది ఊపిరితిత్తులకెల్తే మనిసి నిమిసాల్లో పోతాది. సూది అందుకే, నడక అందుకే. నోటితో నువ్వు ప్రార్తన సేసుకో, కాళ్ళు మాత్రం నాకొగ్గియ్యి" అంది.

అప్పుడు మా ఆయన అన్నాడు: "మా అప్ప, నా సొంత అక్క, ఇలాగే పోనాది. ఆపరేసను బాగానే అయ్యింది, ఒక్కసారి ఆయాసమన్నాది, అంతే. నాకు సాచ్చెం వద్దు, నువ్వు కావాల."

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. సిగ్గుతో చచ్చిపోయాను. "తండ్రీ, నీ పేరు కోసం కాదు, నా పేరు కోసమే మొక్కుకున్నాను, క్షమించు, ఆయన్ని ఒంటరివాణ్ణి చేయకు" అని వేడుకున్నాను. స్కాన్ తీశారు, గడ్డ లేదు, స్తోత్రం! వెంటనే సూది వేయించుకుని, వాకర్ పట్టుకుని, నొప్పికి పళ్ళు బిగించి నాలుగడుగులు వేశాను, అడుగుకొక హల్లెలూయా, నర్సమ్మ ఒకటే నవ్వు.

ఆదివారం సంఘం వచ్చేసరికి నా మంచం ఖాళీగా ఉంది. అది చూసి ఆడవాళ్ళు గొల్లుమన్నారు. వరండాలోంచి వస్తూ నేనే అన్నాను, "ఏటా ఏడుపు? దారియ్యండి, నాకింకా ఒక సుట్టు ఉన్నాది."

ప్రియులారా, మీవాళ్ళు ఆసుపత్రిలో ఉంటే మోకరించండి, దేవుడు తప్పక వింటాడు, ఆయన పంపిన మనిషి వచ్చి లేవమంటే మాత్రం ఆదివారం దాకా ఆగకండి. నన్ను మా ఆయనకు దక్కించిన దేవునికే మహిమ.