మెత్తటి అద్దం

తిరువూరు చర్చి వీధిలో ఎవరింట బిడ్డ పుట్టినా బాప్తిస్మం గౌను జోజమ్మే కుట్టాలి. చిన్నప్పుడే మశూచి ఒక కన్ను తీసుకుపోతే, మిగిలిన కంటితోనే ఆమె నలభై దాటేదాకా కుట్టుమిషను తొక్కింది. చివరికి ఆ కంటికీ శుక్లం వచ్చింది. దేవుడికి వేరే ఇల్లే దొరకలేదా అనిపిస్తుంది.

ఆపరేషను చేసి సోడాబుడ్డి కళ్ళజోడు ఇచ్చారు. అందులోంచి చూస్తే గుమ్మాలు వంగేవి, సూది బెజ్జం ఉన్నచోట ఉండేది కాదు. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. కుట్టే ఆమె అన్నం, కుట్టే ఆమె మర్యాద. బడిపంతులైన తమ్ముడు లాజరు చూసి చూసి అక్కను బెజవాడ తీసుకుపోయాడు.

కనుగుడ్డు మీదే పెట్టుకునే అద్దాలు కొత్తగా వస్తున్న రోజులవి. డాక్టరు ముందు గట్టి అద్దం పెట్టాడు. జోజమ్మ గిలగిల్లాడింది. మద్రాసు నుంచి తెప్పించిన మెత్తటిది పెట్టాడు. ఉన్నట్టే తెలియలేదు.

“మీ కంట్లో తడి తక్కువమ్మా. గట్టిది గుచ్చుతుంది గానీ మోసం చెయ్యదు. మెత్తటిది ఏది పోస్తే అది తాగేస్తుంది. నేనిచ్చే మందునీళ్లు తప్ప ఇంకేదీ తగలనివ్వకూడదు,” అన్నాడు డాక్టరు.

“మెత్తటిదే ఇప్పించండయ్యా,” అంది జోజమ్మ. బతుకులో ఆమె సుఖం కోరుకున్నది ఆ ఒక్కసారే.

ఇంటికొచ్చి సూదిలో దారం ఎక్కించి ఏడ్చింది. లాజరు భార్య ప్రేమావతి అప్పుడు పచ్చి బాలింత. మేనకోడలి గౌనుకు తెల్లబట్ట కత్తిరించి కూర్చుంది జోజమ్మ.

ఎండలు ముదిరాయి. వడగాలికి కన్ను ఎండి, అద్దం గుడ్డుకు అంటుకుపోయి మంట పుట్టేది. మందునీళ్లు అయిపోయాయి. లాజరు పరీక్షల డ్యూటీలో ఉన్నాడు. అద్దం తీస్తే గౌను ఆగిపోతుంది, అందుకని తియ్యలేదు.

“కాసిని పాలు పిండనా వదినా? మా అమ్మ మాకందరికీ అదే చేసేది,” అంది ప్రేమావతి.

కళ్ళు మండితే చనుబాలు పిండడం ఆ వీధిలో తాతల నాటి వైద్యం. ఇంకేదీ తగలకూడదన్న డాక్టరు మాట జోజమ్మ మరిచిపోలేదు. కానీ తల్లిపాలు ‘ఇంకేదీ’ అవుతాయని ఆమెకు తోచలేదు. పాలు పడగానే కన్ను చల్లబడింది. మర్నాడూ పిండించుకుంది.

అద్దం ఆ పాలు తాగి దాచుకుంది. కన్ను చీము పట్టింది. బెజవాడ వెళ్లేసరికి కంట్లో పువ్వు వేసేసింది. ఏం పోశారని అడిగితే ప్రేమావతే చెప్పింది. డాక్టరు మందుచీటీ రాసిచ్చాడు. తిడితే బాగుండేది. గుడ్డికంటే మెల్ల మేలంటారు, జోజమ్మకు ఆ మెల్ల కూడా మిగల్లేదు.

బాప్తిస్మానికి కొన్న గౌను వేశారు. బాప్తిస్మంలో బిడ్డకు రెండో తల్లిగా నిలిచే జ్ఞానతల్లి జోజమ్మే, బిడ్డను ఆమె ఒడిలో పెట్టారు. జోజమ్మ వేళ్లు అంచు వెంట తడుముకుంటూ పోయాయి. చంక దగ్గర కుట్టు అప్పుడే వదులుతోంది.

“గౌను ఎట్లా ఉంది వదినా?” అంది ప్రేమావతి. బెజవాడ నుంచి వచ్చాక ఆమె వదినతో మాట్లాడింది అదే మొదలు.

“బాగానే కుట్టారు.”

బిడ్డ ఆకలికి ఏడ్చింది. ప్రేమావతి చేతులు చాచలేక నిలబడిపోయింది. రవికె తడిసిపోతోంది. జోజమ్మ ఆ చీకట్లోనే బిడ్డను ముందుకు చాపి, “తీసుకో ప్రేమా, పాలియ్యి,” అంది.