మామ పగలగొట్టిన రాయి

మా సంఘం వాళ్లు ప్రయాణానికి బయలుదేరితే దారిలో ఏమీ చూడరు. మిర్యాలగూడ నుంచి బెజవాడ సభలకు వెళ్లి వచ్చాక ఏం చూశారని అడిగితే, ఏ ఇంట్లో పప్పు పలచగా పోశారో, ఏ ప్రసంగీకుడు ఎంతసేపటికీ దిగకుండా విసిగించాడో చెబుతారు. కృష్ణ ఎలా పారుతోందంటే, అటువైపు వెళ్లినప్పుడు పాట పాడుతున్నామంటారు. లోకాన్ని చేసినవాడిని స్తుతిస్తూ ఆయన చేసిన లోకం వైపు కళ్లు మూసుకోవడం మా దగ్గర భక్తికి గుర్తు. నేను ఆ సంఘంలోనే పుట్టాను. వాక్యం వింటూ పెరిగాను. ఇప్పటికీ ఆ బల్లల మీదే కూర్చుంటున్నాను కనుక ఈ మాట అనే హక్కు నాకుంది. దారిలో మ్యూజియం కనబడితే దిగి చూసి రమ్మని మా పిల్లలకు చెప్పినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది కోదాడలోని ఒక పెంకుటి కొట్టం.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడాది దారులు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ ఏడు బెజవాడ సభల్లో, దేవుడు తనను ఎలా మార్చాడో సాక్ష్యం చెప్పడానికి మా మామను పిలిచారు. ఆయన మా మేనత్త భర్త, సంఘంలో పెద్ద. మాడుగులపల్లి దగ్గర ఒక పల్లెలో మందలు మేపుకునే ఇంట్లో పుట్టాడు. వాళ్ల ఇంటి వెనక తాతల నాటి రాయి ఒకటి ఉండేదట, ఇంటిల్లిపాదీ దానికి పసుపు పూసి మొక్కేవాళ్లట. బాప్తిస్మం పొందిన రోజునే మామ సుత్తె పట్టుకొని దాన్ని ముక్కలు చేసి మూసీలో పారేశాడట. ఇదే ఆయన సాక్ష్యం.

ఆ సాక్ష్యంలో రాయి చెట్టులాగా ఏటికేడు పెరిగింది. నా చిన్నతనంలో నడుమెత్తు ఉండేది. నాకు పెళ్లీడు వచ్చేసరికి మామ తల దాటింది. సుత్తె పడగానే రాయిలోంచి దయ్యం అరిచిందన్న ముక్క యుద్ధం రోజుల్లో వచ్చి చేరింది. ఆ అరుపు దగ్గర జనం స్తోత్రం అనేవాళ్లు. వాళ్లు అనడానికి వీలుగా మామ కాసేపు ఆగేవాడు. బెజవాడలో ఈ సాక్ష్యం పండితే, ఇక ఊరూరా సభలకు ఆయన్ని వెంట తీసుకుపోతామని సభల పెద్దల నుంచి కబురు వచ్చింది. అది ఆయన జీవితకాలపు కోరిక.

సూర్యాపేట దాకా ఎడ్లబండ్ల మీద వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాం. కోదాడ చేరగానే బస్సు ఇరుసు విరిగింది. ఇంకొకటి సూర్యాపేట నుంచి రావాలన్నాడు డ్రైవరు. పక్కనే ముసాఫిర్ బంగళా, దాని పక్కన ఒక పొడుగాటి కొట్టం, మీద ఉర్దూలో అజాయబ్ ఖానా, అంటే మ్యూజియం, అని బోర్డు. బావులు, రోడ్లు తవ్వేటప్పుడు బయటపడిన రాళ్లను సర్కారు వాళ్లు అక్కడికి చేర్చి పెట్టారు. నేను ఉర్దూ బళ్లో చదివినదాన్ని గనుక బోర్డు చదివి, వెళ్దామన్నాను. విగ్రహాలుంటాయి, ముందు తానే చూసి వస్తానని మామ లోపలికి పోయాడు.

పోయినంత వేగంగానూ వచ్చాడు. పైపంచెతో మొహం తుడుచుకుంటూ, ఆ గడప తొక్కినవాళ్లు ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె కోసం రానక్కర్లేదని అందరికీ వినబడేలా చెప్పాడు. మా వాళ్లకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. చూడకుండా ఉండడానికి ఇంత గట్టి కారణం వాళ్లకు ఎన్నడూ దొరకలేదు. వెంటనే పాటల పుస్తకాలు తెరిచారు.

అత్తకు దాహం వేసింది. నీళ్ల కుండ కొట్టం అరుగు మీద ఉంది. నేనూ వెంట వెళ్లాను. కాపలావాడు కునుకు ఆపుకుంటూ, లోపలికెళ్లి చూడండమ్మా, ముట్టుకోకండి చాలు, అన్నాడు. పొద్దుటి నుంచి ఒక పెద్దాయన తప్ప ఎవరూ రాలేదనీ, ఆయన కూడా ఆ మూలనున్న రాయిని చూసి జడుసుకున్నట్టు పరుగెత్తాడనీ చెప్పాడు. అత్త నేరుగా ఆ మూలకు నడిచింది.

రాయి నా మోకాలికి వచ్చేంత ఉంది. దాని మీద బల్లెం ఎత్తిన మనిషి, వెనక నాలుగు ఆవులు. పైన అదే మనిషిని ఇద్దరు స్త్రీలు చెరో చేయి పట్టుకొని స్వర్గానికి తీసుకుపోతున్నారు. అత్త కూర్చొని రాయి అంచున ఊడిన చోట వేలు పెట్టింది. ముట్టుకోవద్దన్నాను కదా అన్నాడు కాపలావాడు.

"ఈ పెచ్చు లేసింది నా బిందె తాకే అయ్యా," అంది అత్త. "కొత్త కోడల్ని అప్పుడు. మా అత్త నన్ను తిట్టని తిట్టు లేదు."

గోడకు అంటించిన కాగితం చదివి అత్తకు చెప్పాను. ఊరి ఆవులను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి ప్రాణం విడిచిన కాపరి గుర్తుగా నిలిపిన రాయి. మాడుగులపల్లి దగ్గర పాత బావిని వెడల్పు చేస్తుంటే దొరికింది.

మంద కోసం ప్రాణం పెట్టిన కాపరి మాట వస్తే మా ప్రార్థన గదిలో ఇప్పటికీ కళ్లు తుడుచుకోనివాళ్లు ఉండరు. అటువంటివాడొకడు మా మట్టిలోనే పుట్టి, ఆవుల కోసం చస్తే, మేం అన్నేళ్లూ వాడిని దయ్యమన్నాం. వాడి నెత్తిన సుత్తె పడిందంటే స్తోత్రం అన్నాం. రాయికి మొక్కాలని నేననను, రాయి రాయే. కానీ విగ్రహం వద్దన్న ఆజ్ఞను నిలబెట్టడానికి అబద్ధ సాక్ష్యం వద్దన్న ఆజ్ఞను ముక్కలు చేసి మూసీలో కలిపాం. ఆ పనికి మాత్రం సుత్తె బాగానే పనిచేసింది.

అత్త అక్కడే అసలు సంగతి చెప్పింది. వాళ్లింట్లో అసలు సుత్తే లేదు. బాప్తిస్మం నాటి తెల్లవారుజామున మామ ఆ రాయిని తన గొంగడిలో చుట్టి, దాని కాళ్లకు మొక్కి, ఏడ్చుకుంటూ బావి పక్కన పూడ్చాడు. ఎవరో అడిగితే పగలగొట్టానన్నాడు. తర్వాత ప్రతి ఏడూ అడిగారు.

బస్సు నీడలో ఒంటరిగా కూర్చున్న మామ పక్కన అత్త కూర్చుంది. రాయి బాగానే ఉందని, బావి దగ్గరి తడిలో కంటే ఇక్కడే నయమని చెప్పింది. కాగితంలో ఏముందో కూడా చెప్పింది.

"సుత్తె లేకుంటే ఇగ నాకు సాక్ష్యమేముంటది?" అన్నాడు మామ.

"గొంగడున్నది గద," అంది అత్త.

బెజవాడ పందిట్లో మామ లేచి నిలబడ్డాడు. తాను రాయిని పగలగొట్టలేదని, భయపడి, గొంగడిలో చుట్టి పూడ్చానని చెప్పాడు. అది ఆవుల కోసం చచ్చినవాడి రాయి అనీ, కోదాడలో భద్రంగా ఉందనీ, ఇన్నేళ్లు అబద్ధమాడినందుకు దేవుడు క్షమించాలనీ అన్నాడు. మా వాళ్లు స్తోత్రం ఎక్కడ అనాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపాలు ఒప్పుకోవాలని ఉదయమే రెండు ప్రసంగాలు విన్న జనం అది. ఒక మనిషి నిజంగా ఒప్పుకుంటే ఏం చేయాలో ప్రసంగంలో ఎవరూ చెప్పలేదు. మామ మాట ముగియకముందే సభాధ్యక్షుడు పాట ఎత్తుకున్నాడు.

భోజనాల దగ్గర ఆ అధ్యక్షుడు మామ భుజం మీద చేయి వేశాడు. "పాత సాక్ష్యమే బావుందండి. జనం బలపడతారు. వచ్చే ఏడు అదే చెప్పండి. రాయి ఎలా ఉందో ఎవరెళ్లి చూస్తారండీ?"

"మీరే పొయ్యి సూడుండ్రి," అన్నాడు మామ. "కోదాడ దారిలనే ఉంటది."

మామను మళ్లీ ఎవరూ వేదిక ఎక్కించలేదు. అధ్యక్షుడు మాత్రం సభల పని మీద ఏటా హైదరాబాదుకు ఆ దారినే వెళ్లేవాడు. కోదాడలో బస్సు ఆగితే దిగి, గోలీసోడా తాగి, సోడా బాగుందని మెచ్చుకొని, మళ్లీ ఎక్కేవాడు. కొట్టం అక్కడికి పిలిస్తే పలికేంత దూరం.