చీమలెక్కినా కదలని ఆట

హోసూరులో మా అపార్ట్‌మెంటు ముందర ఈ పొద్దు గడ్డి కోసినారు. ఆ పచ్చి వాసన తగిలేసరికి నా కాళ్లు ఉన్నచోటనే బిగుసుకుపోయినాయి.

మా నాయన మిలిటరీలో చేసి రిటైరైనాడు. ఆయనా, ఆయన మాదిరి వాళ్లూ చేరి గోల్ఫు సంఘం ఒకటి పెట్టుకున్నారు. ఏడాదికొకసారి కప్పు పోటీకి ఇంటోళ్లను కూడా పిలిచేవాళ్లు. నా చిన్నప్పుడు ఒకసారి అమ్మా నేనూ వేప్పనపల్లి నుంచి బస్సులో పోయినాము. ఆడ ఒక కట్టుబాటు ఉంది. ఆడేవాడు కర్ర ఎత్తినాక ఎవురూ కదలకూడదు, మాట్లాడకూడదు.

నాయన కర్ర ఎత్తినాడు. అప్పుడే, కొత్తగా కోసిన గడ్డిలోనుంచి ఎర్రచీమలు నా కాళ్ల మీదికి పాకినాయి. ఊపిరి బిగబట్టి అమ్మ పక్క చూసినాను. ఆమె పాదాల మీద కూడా చీమలే. బంతి ఎగిరిపోయింది, అందరూ చప్పట్లు కొట్టినారు. నేను గబగబా కాళ్లు దులుపుకున్నాను. అమ్మ మాత్రం కదల్లేదు.

"బంతి పోయింది గదమ్మా?" అన్నాను.

"ఉండు పాపా. మీ నాయన మొగం ఎట్లుందో చూడనీ."

అది కూడా గోల్ఫు రూలే అనుకున్నాను. మా ఇంటి రూలని తెలిసేటప్పటికి, నేను పెండ్లయి ఇంకొకరి ఇంట్లో అట్లే నిలబడి ఉన్నాను.